నష్టంలో నడిచిన హోటలు ప్రపంచంలో మొదటిది ఎలా అయింది? ఎల్ బుల్లి చరిత్ర గురించి

జడ్చర్ల విద్యార్థి:

అందరికీ నమస్కారం. మాది మహబూబ్‌నగర్ జిల్లా. హైదరాబాదులో హోటల్ మేనేజ్‌మెంట్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా నాన్నగారు జడ్చర్ల బస్టాండు దగ్గర ఇరవై రెండేళ్లుగా భోజన హోటలు నడుపుతున్నారు. పేరు పొందిన ఒక రెస్టారెంట్ చరిత్ర మీద వచ్చే నెల తరగతిలో అరగంట మాట్లాడవలసి ఉంది. అందుకు స్పెయిన్‌లోని ఎల్ బుల్లిని ఎంచుకున్నాను.

చదివిన కొద్దీ నాకు సందేహాలే పెరిగాయి. ప్రపంచంలోని యాభై ఉత్తమ రెస్టారెంట్ల జాబితాలో అది 2002లో ఒకసారి, 2006 నుంచి 2009 దాకా వరుసగా నాలుగుసార్లు మొదటి స్థానంలో నిలిచింది. అదే కాలంలో, అంటే 2000 నుంచి, ఆ రెస్టారెంట్ నష్టంలోనే నడిచిందని, చివరికి 2011లో యజమానులే దాన్ని మూసివేశారని కూడా చదివాను. ఈ రెండు మాటలనూ ఒకేచోట ఎలా పెట్టాలో నాకు తెలియలేదు. మొన్న రాత్రి గల్లాపెట్టె ముందు కూర్చుని లెక్క చూసుకుంటున్న నాన్నకు ఈ సంగతి చెప్పాను. ఆయన చేతిలోని నోట్లు పక్కన పెట్టి, "నష్టంల నడిచేదాన్ని పెద్ద హోటలని ఎట్ల అంటరు బిడ్డా? బియ్యం సేటుకు పైసలు ఎవరు కట్టిన్రు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ హోటలు ఎలా పుట్టింది, నష్టాన్ని ఎలా భరించింది, కీర్తి శిఖరాన ఉండగానే ఎందుకు మూతపడింది అన్నవి తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను. ఆ హోటలు వాళ్లు పండ్ల రసాన్ని గోళీలుగా మార్చిన పద్ధతిని మాకు వీడియోలో చూపించారే తప్ప, అది ఎందుకు అలా జరుగుతుందో ఎవరూ విడమరచి చెప్పలేదు. దాని గురించి కూడా ఎవరైనా రాస్తే మేలు చేసినవారవుతారు.

కల్వకుర్తి పాత వంటవాడు:

బాబూ, మీ నాన్నగారు అడిగినది అసలైన ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే ఆ హోటలు పుట్టుక నుంచి రావాలి కాబట్టి కొంచెం ఓపికగా చదవండి. నేను హైదరాబాదులో కొన్నేళ్లు, ఆ తరువాత ప్రయాణికుల ఓడల మీద కొన్నేళ్లు వంటశాలల్లో పనిచేశాను. ఎల్ బుల్లిలో నేను పనిచేయలేదు, అక్కడ భోజనమూ చేయలేదు. అయితే ఒక శీతాకాలంలో మా ఓడ బార్సిలోనా రేవులో ఆగినప్పుడు, సెలవు అడిగి రోజెస్ పట్టణం దాకా వెళ్లి, అక్కడి నుంచి కొండల మీదుగా మెలికలు తిరిగే ఇరుకు దారిలో దాదాపు ఏడు కిలోమీటర్లు ప్రయాణించి, ఆ గేటు ముందు నిలబడి వచ్చాను. గేటు మూసి ఉంది. కింద చిన్న అఖాతం, రాళ్లు, గాలి తప్ప మనిషి అలికిడి లేదు. ఇంత మారుమూలకు జనం ఎందుకు వస్తారన్న ప్రశ్న అక్కడ నిలబడ్డ ఎవరికైనా కలుగుతుంది.

ఆ చోటు పేరు కాలా మోంజోయ్. స్పెయిన్‌లోని కతలోనియా ప్రాంతంలో, ఫ్రాన్సు సరిహద్దుకు దగ్గరగా ఉంటుంది. హాన్స్ షిల్లింగ్ అనే జర్మన్ హోమియో వైద్యుడు, ఆయన భార్య మార్కెట్టా అక్కడ స్థలం కొని, 1961లో మొదలుపెట్టింది హోటలు కాదు, సెలవుల మీద వచ్చేవారి కోసం ఒక మినీ గోల్ఫ్ ఆట స్థలం. ఆ తరువాత తీరాన చిన్న బారు, 1964 నాటికి మాంసం, చేపలు కాల్చి పెట్టే ఒక గది వచ్చాయి. మార్కెట్టాకు బుల్‌డాగ్ కుక్కలంటే ప్రాణం. వాటిని ముద్దుగా పిలిచే పేరే 'బుల్లి'. మన బుల్లి అన్న మాటతో దానికి చుట్టరికం లేదు గానీ, తెలుగువాడి చెవికి ఆ పేరు ఇట్టే అతుక్కుంటుంది.

ఫ్రెంచి వంటవాడు జాన్ లూయీ నైషెల్ చేతికి వంటశాల వచ్చాక 1976లో మొదటి మిషెలిన్ నక్షత్రం దక్కింది. మంచి రెస్టారెంట్లకు మిషెలిన్ గైడు పుస్తకం ఇచ్చే గుర్తింపు అది, మూడు నక్షత్రాలు అన్నిటికంటే పైమెట్టు. 1981లో జూలి సోలేర్ నిర్వాహకుడిగా చేరాడు. ఎల్ బుల్లి గురించి రాసేవారందరూ అక్కడి పెద్ద వంటవాడు ఫెర్రాన్ ఆద్రియా పేరే చెబుతారు. సోలేర్ లేకపోతే ఆద్రియా అక్కడ నిలిచేవాడు కాడని నా నమ్మకం. మీ ప్రసంగంలో ఆయనకు చోటివ్వండి.

ఆద్రియా 1962లో బార్సిలోనా పక్కనున్న లోస్పితాలెత్‌లో పుట్టాడు. చదువు మధ్యలో వదిలేసి, ఇబిజా దీవికి విహారానికి వెళ్లేందుకు డబ్బు కోసం 1980లో ఒక హోటల్లో అంట్లు కడగడానికి చేరాడు. నిర్బంధ సైనిక సేవలో భాగంగా నౌకాదళంలో చేరి అక్కడ వంట చేశాడు. 1983లో దొరికిన సెలవులో ఒక నెల ఎల్ బుల్లిలో పనిచేసి, 1984లో స్థిరంగా చేరాడు. 1987లో వంటశాల పూర్తిగా ఆయన చేతికి వచ్చింది. అదే ఏడాది ఫ్రాన్సులోని కాన్ నగరంలో జాక్ మాక్సిమాన్ అనే పెద్ద వంటవాడు, సృష్టించడమంటే అనుకరించకపోవడమే అని చెప్పిన మాట ఆయనను పూర్తిగా మార్చివేసిందని ఆద్రియాయే తరువాత చెప్పుకున్నాడు. అప్పటిదాకా ఆయన కూడా అందరిలాగే ఫ్రెంచి పుస్తకాలు చూసి వండినవాడే.

ఇక్కడొక సంగతి మీరు బాగా గమనించాలి. చలికాలంలో ఆ అఖాతానికి ఎవరూ రారు. గిరాకీ లేని నెలల్లో తలుపులు తీసి ఉంచడం దండగ కనుక, ఏటా అయిదారు నెలలు మూసి ఉంచడం మొదలుపెట్టారు. మన నల్లగొండ వైపు జిన్నింగు మిల్లులు పత్తి రాని రోజుల్లో యంత్రాలు విప్పి బాగుచేసుకున్నట్టు, వీళ్లు ఆ ఖాళీ నెలల్లో కొత్త వంటలను పరీక్షించుకున్నారు. మొదట గతిలేక మూసినది, తరువాత అదే వారి పని విధానమైంది. ఆ పని కోసమే బార్సిలోనా నగరంలో విడిగా ఒక ప్రయోగశాల కూడా పెట్టుకున్నారు. వచ్చే సీజన్లో కిందటేటి వంట మళ్లీ పెట్టకూడదన్నది వాళ్లు పట్టుకున్న నియమం.

1990లో ఆద్రియా, సోలేర్ ఇద్దరూ కలిసి ఆ హోటలును కొనుక్కున్నారు. ఆ ఏడాదే రెండో నక్షత్రం, 1997లో మూడోది వచ్చాయి. మీగడ, గుడ్డు లేకుండా గ్యాసు నింపిన సైఫన్ సీసాతో నురుగు తీసే పద్ధతి 1994 నాటిది. తెల్ల చిక్కుడు గింజల రుచి అచ్చంగా ఉండి, నోట్లో వేసుకోగానే గాలిలా కరిగిపోయే ఆ నురుగును ప్రపంచంలోని పెద్ద హోటళ్లన్నీ పదేళ్లపాటు అనుకరించాయి. మా ఓడ మీద కూడా చేయించారు. మేము చేసినది సబ్బు నురుగులా ఉండేది; ఎందుకంటే మాకు సీసా దొరికింది గానీ, రసాన్ని ఎంత చిక్కగా తీయాలో, ఎంత సన్నని బట్టలో వడకట్టాలో చెప్పేవారు దొరకలేదు.

ఇక మీ నాన్నగారి లెక్కకు వద్దాం. రాత్రికి దాదాపు 50 మంది, ఒకే పంక్తి. ఆరు నెలల్లో 160 రాత్రులు వేసుకుంటే ఏడాదికి 8,000 మంది. అక్కడ భోజనం కోసం వచ్చే విన్నపాలు ఏడాదికి 20 లక్షలని చెప్పేవారు. అంటే ఒక్కో కుర్చీకి 250 మంది పోటీ. చివరి సంవత్సరాల్లో మనిషికి సగటున 250 యూరోలు అయ్యేది. ఈ లెక్కన ఏడాది రాబడి 20 లక్షల యూరోలు. ఒక్కో అతిథికి ముప్పైకి పైగా చిన్న చిన్న వంటకాలు పెట్టి, నలభై మంది వంటవాళ్లను నిలబెట్టి, మిగతా ఆరు నెలలు పైసా రాబడి లేకుండా ప్రయోగాలు చేస్తే ఆ సొమ్ము చాలదు. ఆ లోటును పుస్తకాలు, ఉపన్యాసాలు, పెద్ద సంస్థలకు ఇచ్చిన సలహాలు పూడ్చాయి. ఇటలీ కాఫీ సంస్థ లవాజ్జాకు చెంచాతో తినే కాఫీ తయారుచేసి ఇచ్చింది ఆద్రియాయే. బియ్యం సేటుకు ఆ డబ్బే వెళ్లిందని మీ నాన్నగారికి చెప్పండి. ధర మూడింతలు చేసినా కుర్చీలు నిండేవి, వాళ్లు చేయలేదు. డబ్బున్నవారు మాత్రమే వచ్చే చోటుగా మారితే తమ వంటను అర్థం చేసుకునే మనుషులు దూరమవుతారని వాళ్లు భావించారు. ఆ నిర్ణయం మీద నాకు చాలా గౌరవం ఉంది.

మూసివేత సంగతి క్లుప్తంగా చెబుతాను. ప్రతి ఏడూ అంతా కొత్తగా సృష్టించాలన్న నియమం మనుషులను అలసటకు గురిచేసింది. 2010 జనవరిలో ప్రకటించి, 2011 జులై 30న ఆఖరి భోజనం వడ్డించారు. ఆఖరి వంటకం సంఖ్య 1846. అది పీచ్ పండు, ఐస్‌క్రీముతో చేసే పీచ్ మెల్బా అనే తీపి వంటకానికి కొత్త రూపం. ఆ మూల వంటకాన్ని సృష్టించిన ఫ్రెంచి వంటవాడు ఎస్కోఫియే పుట్టిన సంవత్సరం కూడా 1846. సోలేర్ 2015లో కన్నుమూశాడు. 2023లో అదే భవనం ఎల్ బుల్లి 1846 అనే పేరుతో ప్రదర్శనశాలగా తెరుచుకుంది. ఆ 1846 వంటకాలకూ వరుస సంఖ్య, సంవత్సరం వేసి, ఏ పద్ధతి ఏ వంటకంలో మొదటిసారి వాడారో రాసి పెట్టుకున్నారు. నేను పనిచేసిన ఏ వంటశాలలోనూ ఇలాంటి పుస్తకం చూడలేదు. మా పెద్ద మేస్త్రి చనిపోయినప్పుడు ఆయన చేసే దమ్ మసాలా కొలత కూడా ఆయనతోనే పోయింది. ఎల్ బుల్లి గొప్పతనమంతా ఆ రాతలోనే ఉందని నేను అనుకుంటాను. నురుగులూ గోళీలూ ఆ తరువాతే.

నల్లగొండ, రసాయన శాస్త్ర అధ్యాపకుడు:

పై సమాధానం చాలా బాగుంది. గోళీల సంగతి నేను వివరిస్తాను. ఈ పద్ధతిని ఎల్ బుల్లి వాళ్లు 2003లో తమ వంటల్లో ప్రవేశపెట్టారు. మెలన్ (ఖర్బూజా) పండు రసాన్ని చేప గుడ్లలా చిన్న ముత్యాలుగా మార్చారు. అయితే దీని వెనుకనున్న రసాయనిక చర్య అంతకుముందే పరిశ్రమలకు తెలుసు. 1940ల్లోనే దీనితో కృత్రిమ చెర్రీ పండ్లు చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. తెలిసిన చర్యను భోజనం పళ్లెంలోకి తీసుకురావడంలోనే వాళ్ల ప్రతిభ ఉంది.

సముద్రంలో పెరిగే గోధుమరంగు నాచు నుంచి సోడియం ఆల్జినేట్ అనే పొడి తీస్తారు. నీళ్లలో కలిపితే దాని పొడవాటి గొలుసులు విడివిడిగా తేలుతూ ద్రవాన్ని కొంచెం చిక్కబరుస్తాయి. సోడియం అయానుకు ఒకే ధనావేశం ఉంటుంది కనుక అది ఒక గొలుసును మాత్రమే అంటిపెట్టుకుంటుంది. కాల్షియానికి రెండు ధనావేశాలు ఉండటం వల్ల అది రెండు గొలుసులను దగ్గరకు లాగి కట్టివేస్తుంది. అందువల్ల ఆల్జినేట్ కలిపిన పండ్ల రసాన్ని కాల్షియం క్లోరైడ్ కలిపిన నీళ్లలో బొట్టుగా వదిలితే, నీళ్లను తాకిన పైపొర క్షణాల్లో గట్టిపడి, లోపలి రసం ద్రవంగానే ఉండిపోతుంది. బయటకు తీశాక కూడా కాల్షియం లోపలికి పాకుతూనే ఉంటుంది కాబట్టి ఆ గోళీని వెంటనే తినాలి. ఆలస్యమైతే లోపలంతా గట్టిపడుతుంది.

మన దేశంలో దీనికి దగ్గరి ఉదాహరణ పేఠా మిఠాయి. బూడిద గుమ్మడికాయ ముక్కలను సున్నపు నీళ్లలో నానబెట్టకుండా పాకంలో వేస్తే అవి మెత్తబడి ముద్ద అవుతాయి. సున్నంలోని కాల్షియం ముక్కలో సహజంగా ఉండే పెక్టిన్ అనే పదార్థపు గొలుసులను కట్టివేయడం వల్లే పేఠా కొరికితే కరకరలాడుతుంది. మిఠాయి చేసేవారు తరతరాలుగా చేస్తున్నదీ, ఎల్ బుల్లిలో చేసినదీ ఒకే కుటుంబానికి చెందిన చర్య.

రెండేళ్ల క్రితం మా విద్యార్థులకు చూపించాలని పచ్చిపులుసుతో ఈ ప్రయోగం చేశాను. మొదటిసారి ఆల్జినేట్‌ను మా కళాశాల బోరు నీళ్లలో కలిపాను. కలుపుతుండగానే గరిటెకు జిగట ఉండలు చుట్టుకున్నాయి. కెటిల్ అడుగున తెల్లటి పొర కట్టే ఆ నీళ్లలో కాల్షియం ముందే ఉందన్న సంగతి నేను ఆలోచించలేదు. రెండోసారి శుద్ధి చేసిన నీళ్లు వాడాను. ఈసారి చింతపండు అడ్డం వచ్చింది. పులుపు ఎక్కువైతే ఆల్జినేట్ ఆల్జినిక్ ఆమ్లంగా మారి, గోళీ కట్టకముందే గిన్నెలోనే గడ్డకడుతుంది. సోడియం సిట్రేట్ కలిపి పులుపు తగ్గించవచ్చు గానీ, పులుపు తగ్గిన పచ్చిపులుసును పచ్చిపులుసు అనలేము.

చివరికి ఎల్ బుల్లి వాళ్లు 2005లో ఆలివ్ గోళాల కోసం వాడిన తిరగేసిన పద్ధతి పట్టాను. అందులో కాల్షియం లాక్టేట్‌ను తినే పదార్థంలో కలిపి, దాన్ని ఆల్జినేట్ నీళ్లలో ముంచుతారు. పొర బయటివైపుకు పెరుగుతుంది కాబట్టి లోపల ఎప్పటికీ ద్రవమే. పచ్చిపులుసు పలచన కనుక చెంచాతో వదిలితే చెదిరిపోయింది. అందుకని ఉల్లిముక్కలు లేకుండా వడకట్టి, ఐసు గడ్డల పళ్లెంలో గడ్డకట్టించి, ఆ గడ్డలను ఆల్జినేట్ నీళ్లలో వేశాను. మూడు నిమిషాల తరువాత మంచినీళ్లలో కడిగి చెంచాలోకి తీస్తే, పలచని తోలు వెనుక ఎర్రటి పులుసు కదలడం కనిపించింది. నోట్లో పెట్టుకుని నాలుకతో నొక్కగానే పగిలి, కాల్చిన పచ్చిమిర్చి ఘాటు ఒక్కసారిగా అంగిట్లో నిండింది. అన్నంలో కలుపుకునే పచ్చిపులుసు కంటే అది మేలైనదని నేను అనను. కానీ ఎంతో తెలిసిన రుచి అంత కొత్తగా తగలడం నాకు అదే మొదటిసారి.

ఆల్జినేట్ గురించి భయపడనక్కర లేదు. ఐస్‌క్రీముల్లో వాడుతున్నారు, పళ్ల డాక్టరు దవడ అచ్చు తీసే ముద్దలో ఉండేదీ అదే.

మిర్యాలగూడ, పెళ్లి వంటల నిర్వాహకురాలు:

నేను పన్నెండేళ్లుగా పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు వంటలు చేయిస్తున్నాను. కల్వకుర్తి అన్నగారు వేసిన లెక్కలో ఒక పద్దు రాలేదు. ఆ నలభై మంది వంటవాళ్లలో ఎక్కువ మంది నేర్చుకోవడానికి ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన కుర్రవాళ్లు. వాళ్లకు భోజనం, బస తప్ప జీతం లేదు. రోజుకు పన్నెండు, పద్నాలుగు గంటలు నిలబడి, ఒక్కో వంటకంలో ఒకే చిన్న పనిని వందల సార్లు చేసేవారు. వాళ్లందరికీ కూలి కట్టి ఉంటే ఆ నష్టం ఇంకెంత పెరిగేదో జడ్చర్ల తమ్ముడు తన ప్రసంగంలో తప్పక చెప్పాలి. ధర పెంచకపోవడం గొప్ప నిర్ణయమని అన్నగారు మెచ్చుకున్నారు. పెంచని ఆ ధరలో కొంత భాగాన్ని ఆ పిల్లల చెమటే భరించింది. నా దగ్గర పూరీలు వత్తే అమ్మాయికి సాయంత్రం కూలి చేతిలో పెట్టకుండా పంపితే, మర్నాడు నా వంట ఎంత గొప్పదైనా ఆమె రాదు, రాకూడదు కూడా.

ఇంకొక మాట కూడా చరిత్రలో భాగమే. 2008లో సాంతి సాంతమారియా అనే కతలోనియా వంటవాడు, తనకూ మూడు నక్షత్రాలున్న మనిషి, వంటల్లో ఆల్జినేట్ వంటి పొడుల వాడకాన్ని బహిరంగంగా విమర్శించాడు. స్పెయిన్ వంటవాళ్లు రెండు వర్గాలుగా చీలి వాదించుకున్నారు. అధ్యాపకులు చెప్పినట్టు ఆ పదార్థాలు ప్రమాదకరం కాకపోవచ్చు. కానీ పళ్లెంలో ఏముందో తినేవారికి తెలియాలన్న ఆయన వాదన నాకు న్యాయంగానే తోస్తుంది.

రాసి పెట్టుకోవడం గురించి అన్నగారు చెప్పింది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. మా అత్తగారు ఐదు వందల మందికి బగారా అన్నం వండేటప్పుడు ఎసరును గరిటె కాడ ముంచి చూసి కొలిచేవారు. ఆ తడి గుర్తు ఎంత ఎత్తుకు రావాలో ఇప్పుడు చెప్పేవారు లేరు. నిరుడు మాఘమాసం నుంచి నేను ప్రతి పెళ్లికీ తేదీ, మనుషుల సంఖ్య, బియ్యం కిలోలు, నీళ్లు, ఎంత మిగిలింది అన్నది ఒక పుస్తకంలో రాస్తున్నాను. సన్న బియ్యం పాతవైతే కొత్తవాటికంటే ఎంత ఎక్కువ నీరు తాగుతాయో అలా రాశాకే నాకు కచ్చితంగా తెలిసింది.

జడ్చర్ల విద్యార్థి:

ముగ్గురికీ కృతజ్ఞతలు. అక్కయ్య గారు చెప్పిన జీతం లేని పని గురించి నేను చదివిన వ్యాసాల్లో ఒక్క వాక్యంలో తేల్చేశారు. నేను దానికి ఐదు నిమిషాలు కేటాయిస్తాను. సార్ అనుమతిస్తే పచ్చిపులుసు గోళీని తరగతిలో చేసి చూపించాలని ఉంది. మీ సమాధానాలన్నీ నాన్నకు చదివి వినిపించాను. అంతా విని, "ఆర్నెల్లు మూసిపెడితే వంటోళ్లు ఎటు పోయిన్రు? మా దగ్గర పది దినాలు మూస్తెనే మాస్టరు వేరే హోటల్ల చేరుతడు" అన్నారు. దీనికి కూడా జవాబు తెలిస్తే రాయగలరు.

కల్వకుర్తి పాత వంటవాడు:

చెల్లెమ్మ దిద్దిన లెక్క సరైనదే. ఆ పద్దు నేను వదిలేయకుండా ఉండవలసింది.

మీ నాన్నగారు ఊహించినట్టే జరిగింది బాబూ. ఆద్రియా, ఆయన తమ్ముడు ఆల్బెర్ట్, ఇంకా కొద్దిమంది ముఖ్యులు బార్సిలోనా ప్రయోగశాలలో ఉండిపోయేవారు. మిగిలినవారు వెళ్లిపోయేవారు, వాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. అలా ఒక కాలం అక్కడ పనిచేసి వెళ్లిన రెనే రెడ్జెపి 2003లో డెన్మార్కులో నోమా అనే రెస్టారెంట్ మొదలుపెట్టాడు. 2010లో ప్రపంచ జాబితాలో ఎల్ బుల్లిని మొదటి స్థానం నుంచి దించింది ఆ నోమాయే. ఆందోనీ లూయిస్ ఆదూరిస్ స్పెయిన్‌లోనే ముగారిత్స్ అనే రెస్టారెంట్ పెట్టాడు. హోసే ఆంద్రెస్ అమెరికా వెళ్లి పేరు తెచ్చుకున్నాడు. వెళ్లేవాళ్లను ఆద్రియా ఆపలేదు, పద్ధతులనూ దాచలేదు. ఏది ఎలా చేశారో పుస్తకాల్లో కొలతలతో సహా అచ్చువేశాడు.

గోళీని తరగతిలో చూపించేటట్టయితే శుద్ధి చేసిన నీళ్ల డబ్బా ఇంటి నుంచే తీసుకెళ్లండి. ఆల్జినేట్ నీళ్లను ముందు రోజు రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టండి. కలిపినప్పుడు చేరిన గాలి బుడగలు తెల్లారేసరికి పోతాయి. అవి ఉంటే తోలు చిల్లులు పడి పులుసు కారిపోతుంది.